ఒక్కో పీఎల్ఎల్ విడిగా బానే ఉంది, కలిపితే క్లాక్ ఎందుకు వణుకుతోంది?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం క్లాకుల గురించే. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాను. కొత్తవాళ్లకి ఒక్క మాట, పీఎల్ఎల్ అంటే లోపలికొచ్చే రిఫరెన్స్ క్లాక్‌ని చూస్తూ తన ఆసిలేటర్‌ని దానికి కట్టిపడేసి (దీన్నే లాక్ అంటారు) కావలసిన ఫ్రీక్వెన్సీ ఇచ్చే సర్క్యూట్, జిట్టర్ అంటే క్లాక్ అంచులు రావాల్సిన సమయానికి రాకుండా అటూ ఇటూ కదలడం. ప్రశ్నలు కొంచెం కుదించాను, విషయం మాత్రం మార్చలేదు.

ప్రశ్న: మా బోర్డులో 10 మెగాహెర్ట్జ్ రిఫరెన్స్ వస్తుంది, దాన్ని ఒక పీఎల్ఎల్ చిప్ 125 చేస్తుంది, అది ఎఫ్‌పీజీఏ (మనం ప్రోగ్రామ్ చేసుకునే లాజిక్ చిప్) లోపలి పీఎల్ఎల్‌కి వెళ్తుంది, అక్కడినుంచి ఇంకో పీఎల్ఎల్‌కి వెళ్తుంది. మూడూ విడివిడిగా కొలిస్తే డేటాషీట్‌లో చెప్పినట్టే ఉన్నాయి. మూడూ వరసగా కలిపితే మాత్రం చివర్లో జిట్టర్ మేం లెక్కేసినదానికంటే బాగా ఎక్కువ వస్తోంది. ఎక్కడ తప్పుతోంది సార్?
— హార్డ్‌వేర్ ఇంజినీర్

జవాబు: మీరు జిట్టర్ లెక్క ఎలా వేసుంటారో ఊహించగలను, మూడు చిప్పుల జిట్టర్ విలువల్ని స్క్వేర్ చేసి కూడి రూట్ తీసుంటారు. చాలామంది అదే చేస్తారు. ఆ లెక్క ప్రతి చిప్పూ తన సొంత జిట్టర్‌ని మాత్రమే కలుపుతుంది అనుకుంటుంది, కానీ పీఎల్ఎల్ అలాంటిది కాదండీ, తన దగ్గరికి వచ్చిన జిట్టర్‌ని కూడా అది ఏదో ఒకటి చేస్తుంది, కొంత తగ్గిస్తుంది, కొంత ఉన్నదున్నట్టు పంపేస్తుంది, ఇంకొంత పెంచి మరీ పంపిస్తుంది. ఆ పెంచేదే మీ సమస్య.

వివరంగా చెప్తాను. లూప్ బ్యాండ్‌విడ్త్ అంటే లూప్ ఎంత వేగంగా కదిలేదాన్ని పట్టుకోగలదో ఆ హద్దు, దానికంటే నెమ్మదిగా కదిలే జిట్టర్‌ని పీఎల్ఎల్ ఫాలో అయిపోతుంది, అంటే లోపలికొచ్చింది వచ్చినట్టే బయటికి పోతుంది. బ్యాండ్‌విడ్త్ కంటే వేగంగా కదిలేదాన్ని ఆపేస్తుంది. మధ్యలో, సరిగ్గా ఆ బ్యాండ్‌విడ్త్ అంచు దగ్గర, ఒక చిన్న బంప్ ఉంటుంది, అక్కడ లోపలికొచ్చిన జిట్టర్ కంటే బయటికెళ్లేది ఎక్కువ, దీన్నే జిట్టర్ పీకింగ్ అంటారు. ఇప్పుడు దొరికే పీఎల్ఎల్ చిప్పులు దాదాపు అన్నీ చార్జ్ పంప్ (ఫేజ్ తేడాని కరెంట్‌గా మార్చే భాగం) ఉన్న టైప్ 2, అంటే రెండు ఇంటిగ్రేటర్లున్న, లూపులే, ఆ లూప్ స్టేబుల్‌గా ఉండాలంటే ఫిల్టర్‌లో ఒక రెసిస్టర్ పెట్టి జీరో (ఫేజ్‌ని కొంచెం ముందుకు జరిపే ఏర్పాటు) తేవాలి, ఆ జీరో ఉందంటే పీకింగ్ ఎంతోకొంత ఉండి తీరుతుంది. పూర్తిగా తీసేయడం కుదరదు, తగ్గించుకోవడమే మన చేతిలో ఉంది.

ఎంత ఉంటుందీ అంటే, పుస్తకాల్లో బాగా కనిపించే 0.707 డ్యాంపింగ్ (లూప్ తన ఊగిసలాటని ఎంత అణుస్తుందో చెప్పే సంఖ్య) తీసుకుంటే సెకండ్ ఆర్డర్ లూప్‌కి పీకింగ్ సుమారు 2.1 డీబీ. ఒక్కటైతే పెద్దగా కనిపించదు. అలాంటివి మూడు, మూడింటికీ దాదాపు ఒకే బ్యాండ్‌విడ్త్ ఉండేట్టు వరసగా పెట్టారనుకోండి, బంపులు మూడూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, డీబీలు కూడతాయి, 6.3 డీబీ, అంటే ఆ ఫ్రీక్వెన్సీ దగ్గర జిట్టర్ రెట్టింపు దాటిపోయింది. ఏ చిప్పులోనూ తప్పు లేదు, మూడూ ఒకే చోట పెంచుతున్నాయి అంతే. టెలికాం వాళ్లకి ఇది పాత అనుభవం, సోనెట్ అనే ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్కుల్లో సిగ్నల్ ఒక రీజనరేటర్ (సిగ్నల్‌ని మళ్లీ శుభ్రం చేసి పంపే పరికరం) తర్వాత ఇంకో రీజనరేటర్ దాటుకుంటూ పోవాలి కాబట్టి ఒక్కోదానికీ పీకింగ్ 0.1 డీబీ దాటకూడదని స్టాండర్డ్‌లోనే రాసుకున్నారు. ఆ 0.1 డీబీ రావాలంటే డ్యాంపింగ్ 0.7 చాలదు, సుమారు 5 దాకా తీసుకెళ్లాలి. దానికి ఫిల్టర్‌లో పెద్ద క్యాపాసిటర్ కావాలి, లూప్ పూర్తిగా సెటిల్ అవడానికి టైమ్ కూడా ఎక్కువ పడుతుంది. ఇంత ఖర్చూ ప్రతి స్టేజ్‌లో పెట్టక్కర్లేదు, బ్యాండ్‌విడ్త్‌లు ఒకదానికొకటి బాగా దూరంగా పెడితే బంపులు కలవవు, కనీసం పదింతల తేడా ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను. పైగా మీ కేసులో అసలు ప్రశ్న, మూడో పీఎల్ఎల్ ఎందుకు ఉంది? రెండోదాని నుంచి వేరే డివైడర్‌తో ఆ ఫ్రీక్వెన్సీ వస్తుందేమో ముందు చూడండి, లేని పీఎల్ఎల్ జిట్టర్ ఇవ్వదు.

ప్రశ్న: బ్యాండ్‌విడ్త్‌లు దూరంగా పెట్టమంటారు సరే, ముందు సన్నది పెట్టాలా వెడల్పుది పెట్టాలా? మా టీమ్‌లో ఇద్దరు రెండు రకాలుగా చెప్తున్నారు.
— ఒక పాఠకుడు

జవాబు: ముందు సన్నది, తర్వాత వెడల్పుది. కానీ ఎందుకో తెలియకుండా ఇది గుర్తుపెట్టుకుంటే ఎక్కడో ఒకచోట దెబ్బతింటారు, కాబట్టి కారణం కూడా చెప్పనివ్వండి.

ప్రతి పీఎల్ఎల్ అవుట్‌పుట్‌లో రెండు నాయిస్‌లు కలిసి ఉంటాయి. బ్యాండ్‌విడ్త్ లోపల రిఫరెన్స్ నాయిస్‌దే రాజ్యం, అదికూడా డివైడర్ నిష్పత్తి ఎంత పెద్దదైతే అంత పెరిగి వస్తుంది, 10 మెగాహెర్ట్జ్‌ని 1 గిగాహెర్ట్జ్ చేస్తే నిష్పత్తి 100, అంటే ఫేజ్ నాయిస్ (జిట్టర్‌నే ఫ్రీక్వెన్సీల వారీగా చూస్తే కనిపించేది) 40 డీబీ పైకి. బ్యాండ్‌విడ్త్ బయట వీసీఓ, అంటే పీఎల్ఎల్ లోపల వోల్టేజ్‌తో ఫ్రీక్వెన్సీ మారే ఆసిలేటర్, దాని సొంత నాయిస్. ఈ రెండు గీతలూ ఎక్కడ కలుసుకుంటాయో అక్కడే బ్యాండ్‌విడ్త్ పెట్టాలి, అప్పుడు ప్రతి చోటా రెండింట్లో మంచిదే మీకు దక్కుతుంది.

ఇప్పుడు మొదటి స్టేజ్ చూడండి. రిఫరెన్స్ నెట్‌వర్క్ నుంచో కేబుల్ నుంచో మురికిగా వస్తోంది, దాని లాంగ్ టర్మ్ ఫ్రీక్వెన్సీ మాత్రమే నమ్మదగ్గది. అక్కడ వీసీఎక్స్‌ఓ, అంటే క్రిస్టల్‌తో చేసిన ఆసిలేటర్ పెట్టి, లూప్‌ని పదుల హెర్ట్జ్‌కి బిగిస్తే, మురికంతా ఆగిపోయి క్రిస్టల్ శుభ్రతే బయటికొస్తుంది. రెండో స్టేజ్ పని వేరు, ఆ శుభ్రమైన క్లాక్‌ని గిగాహెర్ట్జ్‌లకి పెంచడం. అక్కడ వీసీఓ చిప్పులోపలి ఎల్‌సీ (కాయిల్, క్యాపాసిటర్లతో చేసిన) ఆసిలేటర్, క్రిస్టల్ ముందు అది బాగా నాయిసీ, దాన్ని గట్టిగా పట్టుకోవాలంటే వందల కిలోహెర్ట్జ్ బ్యాండ్‌విడ్త్ కావాలి. మార్కెట్లో డ్యూయల్ లూప్ జిట్టర్ క్లీనర్ అని వచ్చేవన్నీ ఇంతే. ఎఫ్‌పీజీఏ లోపల రెండు పీఎల్ఎల్‌లు వరసగా పెట్టేటప్పుడు కూడా ముందుదానికి లో బ్యాండ్‌విడ్త్, వెనకదానికి హై బ్యాండ్‌విడ్త్ అనే ఆప్షన్ ఎంచుకోమనేది ఈ లాజిక్‌తోనే.

తిరగేస్తే ఏమవుతుంది? వెడల్పు లూప్ ముందుంటే మురికి మొత్తాన్నీ అది లోపలికి రానిస్తుంది, వెనక సన్న లూప్‌లో ఎల్‌సీ లేదా రింగ్ వీసీఓ ఉంటే దాన్ని పట్టుకునేవాళ్లే ఉండరు. ఇంకో సంగతి, మీ రిఫరెన్సే మంచి ఓసీఎక్స్‌ఓ (ఒకే వేడిలో ఉంచిన క్రిస్టల్ ఆసిలేటర్) నుంచి శుభ్రంగా వస్తుంటే మధ్యలో నాసిరకం వీసీఎక్స్‌ఓతో క్లీనర్ పెడితే ఉన్నది పాడవుతుంది. క్లీనర్ అని పేరుండగానే సరిపోదు, అందులో ఉన్న ఆసిలేటర్ మీ రిఫరెన్స్ కంటే మంచిదా కాదా చూసుకోవాలి.

ఇది చెప్తూనే ఒక విన్నపం. ఏడీసీ (అనలాగ్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే చిప్) క్లాక్‌ని ఎఫ్‌పీజీఏ గుండా తిప్పకండి, ప్లీజ్. 100 మెగాహెర్ట్జ్ సిగ్నల్‌ని శాంపుల్ చేస్తున్నప్పుడు క్లాక్‌లో 1 పికోసెకన్ ఆర్ఎంఎస్ జిట్టర్ ఉంటే చాలు ఎస్‌ఎన్‌ఆర్ (సిగ్నల్‌కి నాయిస్‌కి నిష్పత్తి) 64 డీబీ దాటదు, 10 పికోసెకన్లుంటే 44. పద్నాలుగు బిట్ల ఏడీసీకి ఆదర్శంగా 86 డీబీ రావాలి. అంత డబ్బు పోసి కొన్న బిట్లన్నీ క్లాక్ దగ్గరే కరిగిపోతాయి. క్లీనర్ నుంచి ఒక లైన్ నేరుగా ఏడీసీకి, ఇంకో లైన్ ఎఫ్‌పీజీఏకి, అంతే.

ప్రశ్న: ఒకే చిప్పులో రెండు పీఎల్ఎల్‌లు, వేర్వేరు క్రిస్టల్స్ నుంచి నడుస్తున్నాయి, రెండు వీసీఓలూ 2 గిగాహెర్ట్జ్ దగ్గరే. ఒకటి ఆపేస్తే రెండోది క్లీన్‌గా ఉంటుంది. రెండూ ఆన్ చేస్తే క్యారియర్ (అసలు సిగ్నల్) పక్కన స్పర్స్, అంటే అక్కర్లేని చిన్న టోన్లు, వస్తాయి, అవి నిలకడగా కూడా ఉండవు, బోర్డు వేడెక్కే కొద్దీ జరుగుతుంటాయి. పిచ్చెక్కిపోతోంది.
— ఆర్ఎఫ్ డిజైనర్

జవాబు: స్పర్ జరుగుతోంది అని రాశారు చూడండి, జవాబు అందులోనే ఉంది. రెండు క్రిస్టల్స్ మధ్య తేడా ఎంతుందో స్పర్ అంత దూరంలో నిలబడుతుంది, వేడికి క్రిస్టల్స్ జరిగితే స్పర్ కూడా జరుగుతుంది. ఇది ఇంజెక్షన్ పుల్లింగ్, అంటే ఒక ఆసిలేటర్ పక్కదాన్ని తన ఫ్రీక్వెన్సీ వైపు లాగడం. ఒకే గోడకి ఉన్న రెండు లోలకం గడియారాలు కాసేపటికి ఒకదాని తాళంలో ఇంకోటి పడిపోవడం హ్యూజెన్స్ 1665లోనే గమనించాడు, మీ వీసీఓల మధ్య ఆ గోడ పని చిప్ సబ్‌స్ట్రేట్, సప్లై లైన్లు, గ్రౌండ్ చేస్తున్నాయి. ఆసిలేటర్లకి దీని లెక్క ఆడ్లర్ 1946లో ఇచ్చాడు, వీసీఓ ఫ్రీక్వెన్సీని క్యూకి (ఆసిలేటర్ రెజొనెన్స్ ఎంత పదునుగా ఉందో చెప్పే సంఖ్య) రెండింతలతో భాగించి, లోపలికి దూరిన సిగ్నల్ నిష్పత్తితో గుణిస్తే ఎంత దూరం దాకా లాక్కోగలదో వస్తుంది.

మీ అంకెలతోనే వేద్దాం. 2 గిగాహెర్ట్జ్, క్యూ 10 అనుకుందాం, పక్కదాని నుంచి వెయ్యో వంతు సిగ్నల్, అంటే మైనస్ 60 డీబీ, దూరుతోంది అనుకుందాం. 100 కిలోహెర్ట్జ్ వస్తుంది. క్రిస్టల్స్ ఒక్కోటీ ప్లస్ ఆర్ మైనస్ 25 పీపీఎం అయితే రెండింటి మధ్య తేడా మహా అయితే 50 పీపీఎం, 2 గిగాహెర్ట్జ్ దగ్గర అదీ 100 కిలోహెర్ట్జే. అంటే మైనస్ 60 లాంటి బాగుందనిపించే ఐసోలేషన్ ఉన్నా ఫ్రీగా వదిలేస్తే ఒకదాన్ని ఒకటి పూర్తిగా లాగేసుకునేంత దగ్గర్లో ఉన్నాయవి. లూపులు గట్టిగా పట్టుకున్నాయి కాబట్టి లాగేసుకోవట్లేదు, ఆ పెనుగులాటే మీకు స్పర్స్‌గా కనిపిస్తోంది.

చేయగలిగింది ఏంటంటే, మొదట రెండింటినీ ఒకే రిఫరెన్స్ నుంచి నడపండి, తేడా సున్నా అయితే బీట్ ఉండదు, ఫేజ్ కొంచెం జరుగుతుందంతే. అది కుదరకపోతే వీసీఓలని దూరం జరపండి, ఒకటి 2 దగ్గర ఉంచి రెండోది 2.4 దగ్గరో 2.5 దగ్గరో నడిపి అవుట్‌పుట్ డివైడర్ మార్చుకుంటే అదే అవుట్‌పుట్ వచ్చే కాంబినేషన్ చాలాసార్లు దొరుకుతుంది, ఫ్రీక్వెన్సీ ప్లాన్ చేసేటప్పుడు హార్మోనిక్స్ కూడా చూసుకోండి, ఒకదాని రెండో హార్మోనిక్ ఇంకోదాని మీద పడితే మళ్లీ అదే గొడవ. పుల్లింగ్‌కి గురవుతున్న లూప్ బ్యాండ్‌విడ్త్ పెంచితే దగ్గర్లో ఉన్న స్పర్ తగ్గుతుంది, లూప్ దాన్ని సరిచేసుకోగలదు కాబట్టి. లేఅవుట్‌తో, షీల్డ్‌తో సాధిద్దాం అనుకోకండి, లోపల సిలికాన్‌లో జరిగేదానికి బయట షీల్డ్ పెట్టి లాభం లేదు.

ప్రశ్న: పీఎల్ఎల్ సప్లైకి ఫెరైట్ బీడ్ (లైన్‌లో నాయిస్‌ని ఆపడానికి పెట్టే చిన్న భాగం) పెట్టాను, పెద్ద సిరామిక్ క్యాపాసిటర్ పెట్టాను, అయినా డీసీ-డీసీ కన్వర్టర్ ఆన్ చేస్తే జిట్టర్ పెరుగుతోంది. ఇంకేం చేయాలి?
— ఇంజినీరింగ్ ఫైనల్ ఇయర్ విద్యార్థిని

జవాబు: ఫైనల్ ఇయర్‌లోనే సప్లైని అనుమానించారు, చాలా సంతోషం, ఉద్యోగంలో ఏళ్లు గడిచినా చాలామంది చూడని చోటు ఇది.

ముందు ఎంత సున్నితమో అంకెల్లో చూడండి. సప్లై 1 వోల్ట్ మారితే వీసీఓ 10 మెగాహెర్ట్జ్ జరుగుతుంది అనుకుందాం. సప్లై మీద 100 కిలోహెర్ట్జ్ దగ్గర 1 మిల్లీవోల్ట్ రిపుల్ ఉంది. అప్పుడు వీసీఓ 10 కిలోహెర్ట్జ్ అటూ ఇటూ ఊగుతుంది, ఫేజ్‌లో 0.1 రేడియన్, స్పెక్ట్రంలో క్యారియర్‌కి రెండు వైపులా మైనస్ 26 డీబీ స్పర్స్. వీసీఓ 1 గిగాహెర్ట్జ్ అయితే పీక్ 16 పికోసెకన్లు. ఒక్క మిల్లీవోల్ట్‌కి ఇంత! ఇది లూప్ ఏమీ సరిచేయకపోతే వచ్చే విలువ. రిపుల్ బ్యాండ్‌విడ్త్ కంటే బాగా కింద ఉంటే లూప్ దాన్ని తినేస్తుంది, బాగా పైన ఉంటే వీసీఓ ఊగే టైమే తక్కువ కాబట్టి ఫేజ్ అంతగా కదలదు, సరిగ్గా బ్యాండ్‌విడ్త్ దగ్గర ఉంటేనే అసలు ప్రమాదం. కన్వర్టర్ 500 కిలోహెర్ట్జ్‌లో నడుస్తోంది కాబట్టి దూరంగానే ఉందిలే అనుకుంటాం, కానీ లోడ్ తగ్గినప్పుడు చాలా కన్వర్టర్లు పల్సులు ఎగ్గొట్టే మోడ్‌లోకి పోతాయి, అప్పుడు రిపుల్ పదుల కిలోహెర్ట్జ్‌కి దిగొస్తుంది. కన్వర్టర్‌ని ఫోర్స్డ్ పీడబ్ల్యూఎం (పల్సులు ఎగ్గొట్టకుండా నడిచే) మోడ్‌లో పెట్టి చూడండి, ఆ ఒక్క మార్పుతోనే జిట్టర్ దిగిపోతే దోషి దొరికినట్టే.

ఇక బీడ్ గురించి. తక్కువ ఫ్రీక్వెన్సీలో ఫెరైట్ బీడ్ అంటే రెసిస్టర్ కాదు, ఉత్త ఇండక్టర్. దానికి ఎదురుగా దాదాపు ఈఎస్ఆర్ (లోపలి రెసిస్టెన్స్) లేని సిరామిక్ పెట్టారు, కలిపి మంచి ఎల్‌సీ రెజొనేటర్ తయారైంది, దాని రెజొనెన్స్ దగ్గర రిపుల్ తగ్గకపోగా పెరుగుతుంది. ఆ సిరామిక్‌కి పక్కన ఇంకో పెద్ద క్యాపాసిటర్‌ని ఒక ఓమ్ దరిదాపు రెసిస్టర్‌తో సీరీస్‌లో కలిపి పెట్టండి, రెజొనెన్స్ చచ్చిపోతుంది. వీలైతే బీడ్ తర్వాత ఒక లో నాయిస్ ఎల్‌డీఓ (సప్లైని స్థిరంగా ఉంచే రెగ్యులేటర్), అదికూడా ప్రతి పీఎల్ఎల్ వీసీఓకి విడిగా. రెండు వీసీఓలకి ఒకే ఎల్‌డీఓ ఇస్తే పై ప్రశ్నలో చెప్పిన గోడని మీ చేత్తో మీరే కట్టినట్టు.

ప్రశ్న: మా బోర్డులో రెండు పీఎల్ఎల్‌లు వరసగా ఉన్నాయి. పవర్ ఇచ్చిన కొన్నిసార్లు మాత్రమే లింక్ రాదు. లాక్ ఎల్ఈడీ వెలుగుతూనే ఉంటుంది. మళ్లీ రీసెట్ కొడితే పనిచేస్తుంది. ఒక్కోసారి అంతా పనిచేస్తూ పనిచేస్తూ గంట తర్వాత లాక్ పోతుంది.
— ఎంబెడెడ్ డెవలపర్

జవాబు: మీ రెండో పీఎల్ఎల్, మొదటిది లాక్ అవకముందే మొదలైపోతోంది, నా అనుమానం అదే.

చాలా చిప్పుల్లో వీసీఓ ఒక్కటే పెద్ద రేంజ్ కాదు, చిన్న చిన్న బ్యాండ్లుగా ఉంటుంది. స్టార్ట్ అయ్యేటప్పుడు ఒక కాలిబ్రేషన్ నడుస్తుంది, అప్పుడు రిఫరెన్స్‌లో ఏ ఫ్రీక్వెన్సీ కనపడితే దానికి తగ్గ బ్యాండ్ ఎంచుకుని అక్కడే ఉండిపోతుంది. ఆ క్షణంలో మొదటి పీఎల్ఎల్ ఇంకా ఊగుతుంటే రెండోది తప్పు ఫ్రీక్వెన్సీకి కాలిబ్రేట్ అవుతుంది. తర్వాత మొదటిది సరైపోతుంది, రెండోది కూడా ఎలాగో లాగి లాక్ అయిపోతుంది, కానీ ట్యూనింగ్ వోల్టేజ్ బ్యాండ్ అంచున వేలాడుతుంటుంది, గంట తర్వాత చిప్ వేడెక్కి వీసీఓ కొంచెం జరగ్గానే ఇంక లాగడానికి చోటు లేక లాక్ పోతుంది. మీ రెండు లక్షణాలకీ ఇది సరిపోతుంది.

మొదటి పీఎల్ఎల్ లాక్ సిగ్నల్ వచ్చాక కూడా వెంటనే వదలకండి, సన్న లూప్ అయితే సెటిల్ అవడానికి వందల మిల్లీసెకన్లు పట్టొచ్చు, అది గడిచాక రెండోదాని రీసెట్ వదిలి కాలిబ్రేషన్ మళ్లీ నడపండి. లాక్ ఎల్ఈడీ చెప్పేది ఫేజ్ ఎర్రర్ ఒక కిటికీ లోపల ఉందని మాత్రమే, ఆ కిటికీ చాలాసార్లు నానోసెకన్లలో ఉంటుంది, జిట్టర్ పికోసెకన్లలో ఉంటుంది, కాబట్టి లాక్ ఉందంటే క్లాక్ బాగుందని కాదు. ట్యూనింగ్ వోల్టేజ్ చదివే వీలుంటే చదవండి, మధ్యలో ఉండాలి.

ప్రశ్న: స్ప్రెడ్ స్పెక్ట్రం ఉన్న పీసీఐఈ (కంప్యూటర్‌లో కార్డులని కలిపే లింక్) క్లాక్‌ని జిట్టర్ క్లీనర్ గుండా పంపొచ్చా?
— ఒక పాఠకురాలు

జవాబు: సన్న బ్యాండ్‌విడ్త్‌తో వద్దు. ఆ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ నుంచి 0.5 శాతం దాకా కిందకి, సెకనుకి 30 నుంచి 33 వేల సార్లు కావాలనే ఊగుతుంది. 100 హెర్ట్జ్ లూప్‌కి అది తుడిచేయాల్సిన జిట్టర్‌లాగే కనిపిస్తుంది, తుడవాలని చూస్తుంది, ఫేజ్ ఎర్రర్ పెరిగి లాక్ కూడా పోవచ్చు, పోకపోయినా లింక్‌కి ఒక చివర ఊగే క్లాక్, ఇంకో చివర ఊగని క్లాక్ అయిపోతాయి. మెగాహెర్ట్జ్ దరిదాపు బ్యాండ్‌విడ్త్ ఉన్న బఫర్ వాడండి, లేదా పీఎల్ఎల్ లేని మామూలు ఫ్యానవుట్ బఫర్ ఇంకా మంచిది.

ప్రశ్న: బోర్డు మీద పెన్‌తో తడితే క్లాక్‌లో స్పర్స్ వస్తున్నాయి, నమ్ముతారా?
— టెస్ట్ ఇంజినీర్

జవాబు: నమ్ముతాను. లూప్ ఫిల్టర్‌లో ఎక్స్‌7ఆర్ క్యాపాసిటర్లు ఉన్నాయేమో చూడండి, ఆ సిరామిక్ కదిలితే వోల్టేజ్ పుడుతుంది, అది నేరుగా వీసీఓ ట్యూనింగ్ మీదే పడుతుంది. సీ0జీ రకంగానీ ఫిల్మ్‌గానీ వేయండి. ఫ్యాన్ ఉన్న పెట్టెలో ఇది తట్టకుండానే వస్తుంది.

ప్రశ్న: నాలుగు పీఎల్ఎల్‌లున్న బోర్డులో ఏది చెడగొడుతోందో ఎలా కనిపెట్టాలి? మా దగ్గర ఫేజ్ నాయిస్ ఎనలైజర్ లేదు, ఏడీసీ, ఒక మంచి సిగ్నల్ జనరేటర్ ఉన్నాయి.
— ఒక పాఠకుడు

జవాబు: అవి చాలు. జనరేటర్ నుంచి శుభ్రమైన సైన్ వేవ్‌ని ఫిల్టర్ చేసి ఏడీసీకి ఇవ్వండి, పొడవాటి ఎఫ్ఎఫ్‌టీ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంతుందో చూపే లెక్క) తీయండి. టోన్‌కి రెండు పక్కలా పాదం దగ్గర వెడల్పుగా కనిపించేదే క్లాక్ ఫేజ్ నాయిస్, అందులో జనరేటర్ వాటా కూడా ఉంటుంది కాబట్టి అది మీ క్లాక్ కంటే శుభ్రమైనదై ఉండాలి. అది నిజంగా క్లాక్ వల్లే వచ్చిందా అనే అనుమానం ఉంటే, లెవెల్ అలాగే ఉంచి ఏడీసీకి ఇచ్చే టోన్ ఫ్రీక్వెన్సీని రెట్టింపు చేయండి, క్లాక్ జిట్టర్ అయితే ఆ పాదం 6 డీబీ పైకి లేస్తుంది, లేవకపోతే తప్పు ఇంకెక్కడో ఉంది, సప్లై నుంచి నేరుగా ఏడీసీలోకి వస్తుండొచ్చు.

క్లాకే అని తేలాక, ఆ పాదంలో భుజంలా ఉబ్బిన చోట్లు వెతకండి, ప్రతి ఉబ్బూ ఏదో ఒక లూప్ బ్యాండ్‌విడ్త్ దగ్గరే ఉంటుంది. ఇప్పుడు ఒక్కో పీఎల్ఎల్ చార్జ్ పంప్ కరెంట్‌ని రిజిస్టర్‌లో ఒక మెట్టు మార్చి మళ్లీ ఎఫ్ఎఫ్‌టీ తీయండి, మిగతా మూడూ ముట్టుకోకండి. కరెంట్ మారితే ఆ లూప్ బ్యాండ్‌విడ్త్ మారుతుంది, దాని ఉబ్బు జరుగుతుంది. ఏది మార్చినప్పుడు పెద్ద ఉబ్బు కదిలిందో దాని దగ్గర ఆగి ఫిల్టర్ విలువలు లెక్కేసుకోండి. ఒకటి మారిస్తే ఉబ్బు సగమే జరిగి రెండుగా చీలిందంటే అక్కడ రెండు లూపులు ఒకే చోట కూర్చున్నాయి, వాటిలో ముందు వరసలో ఉన్నదాన్ని సన్నగా చేయండి.